ఊళ్ళ పాత కట్టలు చెదలపాలు కాకముందే

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. గుంటూరులో ఉంటున్నాను. ఉద్యోగం సత్తెనపల్లి తాలూకాలో మొదలైంది. ఆ తర్వాత పల్నాడు వైపు, ఆఖర్న తెనాలి వైపు చేశాను. ఈమధ్య బంధువుల పొలం హద్దు విషయంలో ఒక ఊరు వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఊరి పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క ఊరి సంగతి కాదు. అక్కడి ఆఫీసు గదిలో పాత బీరువా తీసేసి కంప్యూటర్ టేబుల్ వేశారు. బీరువాలో ఉన్న కట్టలన్నీ వరండా మూలన గోడకి ఆనించి పెట్టారు. పైన ఒక ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంది, కింద సిమెంటు నేల చెమ్మగా ఉంది. ముడి విప్పి చూస్తే పాత ఎఫ్.ఎం.బి. (ఒక్కో సర్వే నంబరు కొలతలు గీసిన పుస్తకం), ఇనాం ఫెయిర్ రిజిస్టర్ (మాన్యాల విచారణ పుస్తకం) నకలు, అంచులు రాలిపోతున్న డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండిట్లో రాసిన భూమి రిజిస్టరు). అక్కడున్న అబ్బాయి మర్యాదగానే చెప్పాడు: "రీసర్వే అయిపోయింది కదండీ, ఇక వీటితో పనేముంటుంది?"

ఆ అబ్బాయిని తప్పుపట్టను. అతనికి ఎవరూ చెప్పలేదు. పొలం ఎవరిదో తేల్చడానికి కొత్త రికార్డు చాలు. ఆ ఊరు ఎప్పుడు, ఎవరివల్ల, ఎందుకు పుట్టిందో, ఎన్నిసార్లు పాడుపడి మళ్ళీ లేచిందో కొత్త రికార్డులో ఉండదు. అది ఆ వరండాలో ఉన్న కట్టల్లో ఉంది. అందుకే మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ప్రతి ఊరి పాత రికార్డునూ ఫొటోలు తీయించి, ఇప్పటివాళ్ళు చదవగలిగే తెలుగులో రాయించి, ఆ ఊరి సచివాలయంలోనే జనానికి అందుబాటులో పెట్టాలి.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలైనప్పుడు నాలాంటివాళ్ళం సంతోషించాం. వందేళ్ళ నాటి కొలతలతో మేం పడ్డ అవస్థలు మాకు తెలుసు. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి, మంచిదే. కొత్త కొలత అయిన ఊళ్ళలో పాత సర్వే నంబరు పోయి ల్యాండ్ పార్సిల్ నంబరు వస్తోంది. పాత నంబరుతో పాటు దాన్ని అంటిపెట్టుకుని ఉన్న పేరు కూడా పోతోంది. నేను గొలుసుతో కొలిచిన రోజుల్లో ఏ రైతూ "సర్వే నంబరు ఫలానా" అనేవాడు కాదు. జమ్మిచెట్టు చేను, గుడిమాన్యం, పాతవూరి దిబ్బ, చాకలికుంట కింద మడి అనేవాళ్ళు. పాతవూరి దిబ్బ అని ఒక చేనుకి పేరుంటే, ఊరు ఒకప్పుడు అక్కడ ఉండేదని అర్థం. దున్నుతుంటే పెంకులు, పూసలు పైకి వచ్చేవి. ఆ పేరు ఏ జీవోలోనూ లేదు, ఎఫ్.ఎం.బి. అంచున పెన్సిలుతో ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు, అంతే.

ఇక కైఫియత్తుల గురించి చెప్పాలి. వీటి గురించి మన జిల్లాల్లో చదువుకున్నవాళ్ళకి కూడా సరిగ్గా తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధే. ఇవి ఇంచుమించు 200 ఏళ్ళ కిందట ఊరూరా తిరిగి రాయించిన గ్రామ చరిత్రలు. రాయించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. స్కాట్లాండ్ మనిషి, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మా శాఖ వాళ్ళందరికీ పెద్ద. అయితే ఎండలో తిరిగి, కరణాల ముందు కూర్చుని, శాసనాలు నకలు చేసి, సమాచారం రాబట్టినవాళ్ళు మనవాళ్ళే. ఏలూరుకి చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆ పనికి ప్రాణం పోశారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే చనిపోతే లక్ష్మయ్య ఆ భారం నెత్తిన వేసుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక ఆ కాగితాలు మద్రాసులో పాడవుతుంటే సి.పి. బ్రౌన్ మళ్ళీ నకళ్ళు రాయించి బైండు చేయించాడు. ఆ నకళ్ళ పుణ్యమే ఈరోజు మనకి దక్కింది. గుంటూరు ప్రాంతపు గ్రామాల కైఫియత్తులు సంపుటాలుగా అచ్చయ్యాయి కూడా. ఎంతమంది సర్పంచుల దగ్గర తమ ఊరి పేజీ ఉంది? నేను అడిగిన ఊళ్ళలో ఎక్కడా లేదు.

వాటి వరస ఇలా ఉంటుంది. ముందు మౌజే (ఊరు) ఫలానా, సంతు (కొన్ని ఊళ్ళ గుంపు) ఫలానా, సర్కారు ముర్తజానగరు అని మొదలవుతుంది. ముర్తజానగరు అంటే అప్పటి గుంటూరు సర్కారు, ఇంకా పాత మాటలో కొండవీటి సీమ. తర్వాత ఊరు ఎవరి కాలంలో కట్టారో, కరణికం మిరాశీ (వంశపారంపర్య హక్కు) ఎవరికి ఇచ్చారో, గుడి ఎవరు ప్రతిష్ఠ చేశారో వస్తుంది. ఆపైన రెడ్ల ప్రభుత్వం, ఒడ్డెల (ఒరిస్సా గజపతుల) ప్రభుత్వం, కర్ణాటక (విజయనగర) ప్రభుత్వం, మొగలాయి ప్రభుత్వం అని పాలకులు మారిన క్రమం. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) 1122, అంటే 1712లో కొండవీటి సీమను జమీందార్లకు వంతులు వేసి పంచినప్పుడు ఈ ఊరు వాసిరెడ్డి వారి వంతుకి వచ్చిందా, మానూరి వారి వంతుకా అన్నది రాస్తారు. చివర గుడికట్టు, అంటే ఊరి మొత్తం భూమి, ఎన్ని కుచ్చెళ్ళు (పాత భూమి కొలత), అందులో మినహాలు, అంటే శిస్తు లెక్కలోంచి తీసేసినవి, ఏమిటి అని లెక్క. నన్ను అడిగితే ఆ లెక్కే అసలు చరిత్ర. గ్రామకంఠం (ఇళ్ళుండే చోటు) ఎంత, చెరువులు ఎన్ని, డొంకలు ఎటు పోతాయి, చవుడు ఎంత, తోపులు ఎవరు వేశారు, దేవుడి మాన్యం ఎంత, పురోహితుడికి ఎంత, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ఎంత. ఒక ఊరు ఏయే చేతుల మీద నడిచిందో ఆ జాబితాలో ఉంది.

ఇందులో రాసిందల్లా కళ్ళకద్దుకోమని నేను అనను. గుంటూరు వైపు కైఫియత్తులు చాలావాటిలో ఒకే కథ వస్తుంది. గణపతి మహారాజు ప్రధాని గోపరాజు రామన్న సూర్యగ్రహణం రోజున శ్రీశైలంలో బ్రాహ్మణులకి గ్రామ కరణికాలు నిర్ణయించి ఇచ్చాడని, అది శాలివాహన శకం 1067 అని రాస్తారు. అంటే 1145. కాకతి గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. లెక్క కుదరదు. ఎవరో ఒకరు చెప్పింది ఊరూరా కరణాలు తమ హక్కుకి సాక్ష్యంగా పెట్టుకున్నారని నాకు అనిపిస్తుంది. అంతమాత్రాన ఆ పేజీ పనికిరానిది కాదు. తమ ఊరు ఎప్పుడు పుట్టిందని అప్పటి జనం నమ్మారో, ఆ నమ్మకం మీద ఏ హక్కులు నిలబెట్టారో అది చెబుతుంది. శాసనం పక్కన పెట్టి చదవాలి, భూమి లెక్క పక్కన పెట్టి చదవాలి.

ఇంకో లోటు కూడా చెప్పాలి. కైఫియత్తుకి సమాచారం ఇచ్చింది కరణం. అందుకే కరణాల వంశాలు తరతరాలుగా పేర్లతో సహా ఉంటాయి. దళితవాడ మాత్రం మినహాల లెక్కలో ఒక్క ముక్కగా వచ్చి వెళ్ళిపోతుంది. ఊరికి హద్దు రాయి ఎక్కడుందో, ఏ వాగు ఏ ఏడు దారి మార్చుకుందో తెలిసింది వాళ్ళకే. నా సర్వీసులో పొలిమేర రాళ్ళు దొరకనప్పుడల్లా చూపించింది ఊరి వెట్టివాళ్ళు, వాళ్ళ తర్వాత వాళ్ళ కొడుకులు. మూడు ఊళ్ళ హద్దులు కలిసే చోట పాతిన ట్రైజంక్షన్ రాయి ముళ్ళకంప కింద పూడిపోయి ఉంటే, ఒక ముసలాయన కర్రతో నేల పొడిచి చూపించాడు. ఆ మాట ఏ రికార్డులోనూ లేదు. ఊరి చరిత్ర రాయాల్సి వస్తే వాళ్ళ నోటి మాట ముందు రాయాలి.

కొత్త ఊరు కట్టడం మనకి కొత్త కాదు. ఇప్పుడున్న అమరావతి ఊరిని కట్టించింది చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. 18వ శతాబ్దం చివర్లో ఆయన చింతపల్లి వదిలి, ధరణికోట పక్కన అమరేశ్వరుడి గుడి ఉన్న చోటికి రాజధాని మార్చుకున్నాడు. వర్తకుల్ని, బ్రాహ్మణుల్ని పిలిచి ఇళ్ళ స్థలాలు ఇచ్చాడు. కట్టడానికి రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె ఉంది. తవ్వితే చెక్కిన పాలరాళ్ళు బయటపడ్డాయి, అవి గుళ్ళకీ చెరువు మెట్లకీ ఇళ్ళకీ పోయాయి. అది బౌద్ధుల మహాస్తూపమని అక్కడ ఎవరికీ తెలియదు. సంగతి విని మెకంజీ 1790ల చివర్లో వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, మిగిలిన రాళ్ళకి బొమ్మలు గీయించి, దిబ్బకి ప్లాను తయారు చేయించాడు. ఆ మధ్యకాలంలో పోయింది పోగా, తర్వాత కూడా చాలా రాళ్ళు చెదిరిపోయాయి. కొన్ని మద్రాసు మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని ఎక్కడా లేవు, ఆ బొమ్మల్లో మాత్రమే ఉన్నాయి. కొలిచి కాగితం మీద పెట్టడం వల్లే అవి మన కంటికి మిగిలాయి. మా వృత్తికి ఇంతకన్నా గౌరవం ఏముంటుంది!

నరసరావుపేట కూడా అలాగే జమీందారు కట్టిన ఊరే. అంతకుముందు అక్కడ అట్లూరు అనే పల్లె ఉండేది. మల్రాజు నరసారావు పేరు మీద పేట అయింది. గుంటూరు పేరు తూర్పు చాళుక్య రాజు అమ్మరాజు (922–929) కాలపు శాసనంలోనే కనిపిస్తుంది. అంటే వెయ్యేళ్ళు దాటిన ఊరు. మునిసిపాలిటీ అయింది 1866లో. బెజవాడకి ఆ హోదా 1888లో, తెనాలికి 1909లో వచ్చింది. ఈ సంవత్సరాలు పోటీ పరీక్షల పిల్లలు బట్టీ పడతారు, వాటి గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

రాయాల్సింది మధ్యలో వచ్చిన కరువు గురించి. 1832–33 నందన సంవత్సరం. గుంటూరు జిల్లా అంతగా దెబ్బతినడంతో దాన్ని గుంటూరు కరువనే అన్నారు, జనం డొక్కల కరువన్నారు. జిల్లాలో ఉన్న సుమారు 5 లక్షల మందిలో లక్షన్నర నుంచి 2 లక్షల దాకా చనిపోయారని చరిత్రకారులు చెబుతారు. కైఫియత్తులు రాసింది ఆ కరువుకి ముందు. కాబట్టి వాటిలో కళకళలాడిన ఊళ్ళు కొన్ని తర్వాతి సర్వేకి బేచిరాకు గ్రామాలుగా మిగిలాయి. ఊరు ఉంటుంది, సర్వే నంబర్లుంటాయి, శిస్తు లెక్క ఉంటుంది, మనిషి ఉండడు. నా చేతి కింద అలాంటి గ్రామాల మ్యాపులు నడిచాయి. గ్రామకంఠం అని గీసిన చోట తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. అక్కడివాళ్ళు కరువుకి పోయారా, కలరాకి పోయారా, పక్క ఊరికి తరలిపోయారా? కైఫియత్తునీ, ఇనాం రిజిస్టర్నీ, సర్వే మ్యాపునీ పక్కపక్కన పెట్టి చూస్తే గాని తేలదు. మూడూ ఒకే చోట దొరికే ఊరు నాకు ఇంతవరకు కనబడలేదు.

కరువు తర్వాత మళ్ళీ ఊళ్ళు పుట్టించింది నీళ్ళు. బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కాటన్ పర్యవేక్షణలో కెప్టెన్ ఓర్ కట్టించాడు. సీతానగరం దగ్గర పశ్చిమ కాలువ మొదలై, దుగ్గిరాల లాకులు దాటి డెల్టా అంతా పాకింది. చేలు ఊరికి దూరమైనవాళ్ళు చేల దగ్గరే గుడిసెలు వేసుకున్నారు. పదేళ్ళకి అది పాలెం అయింది, ఇంకో తరానికి దానికొక రామాలయం, ఒక బొడ్రాయి వచ్చాయి. తెనాలి, రేపల్లె వైపు మ్యాపుల్లో శివారు గ్రామాలు ఎన్ని ఉంటాయో చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ఆ రోజుల్లోనే 1858లో ఇనాం కమిషన్ వేశారు. ఎవరి మాన్యం ఎవరు ఇచ్చింది, ఏ సేవకి ఇచ్చింది, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని ఊరూరా విచారించి టైటిల్ డీడ్ నంబర్లు ఇచ్చారు. ఇనాం ఫెయిర్ రిజిస్టర్ అంటే అదే. దేవుడి భూమి కేసులు వచ్చినప్పుడు వకీళ్ళు దానికోసం పరుగెత్తుతారు. మామూలు మనిషికి అది తన ముత్తాత తాత పేరు కనబడే పుస్తకం. భోగం మేళం మాన్యాలు, నీరుకట్టు మాన్యాలు, చెరువు తవ్విన వడ్డెరలకి ఇచ్చిన భూములు, ఫకీర్లకి, దర్గాలకి ఇచ్చిన ఇనాములు అన్నీ అందులో ఉంటాయి. కుమ్మరి పేరు, తోలు పనివాడి పేరు ప్రభుత్వ పుస్తకంలో ఎక్కింది అక్కడే.

ఈ కట్టలు ఒక్క చోట లేకపోవడానికి జిల్లాలు మారుతూ రావడం పెద్ద కారణం. మిగతా ఉత్తర సర్కార్లు ముందే కంపెనీకి పోయినా, గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండి 1788లో గాని వాళ్ళ చేతికి రాలేదు. 1794లో గుంటూరు జిల్లా అయింది. 1859లో దాన్ని రద్దు చేసి మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లాలో కలిపారు. 1904 అక్టోబరు 1న మళ్ళీ గుంటూరు జిల్లా పుట్టింది, నెల్లూరు నుంచి ఒంగోలు తాలూకా వచ్చి కలిసింది. 1970లో ఒంగోలు జిల్లా విడిపోయింది, అదే తర్వాత ప్రకాశం అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, పల్నాడు వేరు జిల్లాలయ్యాయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది. ఒక వినుకొండ వైపు ఊరి మనిషి తన ఊరి కాగితాలు వెతకాలంటే 45 ఏళ్ళ కాగితాల మీద కృష్ణా జిల్లా అని ఉంటుంది, తర్వాతివాటి మీద గుంటూరు అని ఉంటుంది, ఇప్పుడు అడగాల్సింది నరసరావుపేటలో. ఎవరిని అడిగినా "మా దగ్గర లేవండీ, అక్కడ అడగండి" అంటారు.

1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు నేను సర్వీసులో ఉన్నాను. ఆ రద్దు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. కానీ రికార్డు అప్పగింతలు ఎలా జరిగాయో చూశాను. కొన్ని ఊళ్ళలో సంతకాలు పెట్టి జాబితాతో అప్పగించారు. కొన్ని ఊళ్ళలో గోనెసంచుల్లో వచ్చాయి. కొన్ని ఊళ్ళలో అసలు రాలేదు, అటకల మీదే ఉండిపోయాయి. ఆ ఇళ్ళు ఇప్పుడు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక పిల్లలు ఆ కాగితాల్ని పాతపేపర్ల వాడికి వేసేస్తున్నారు. ఈ ఉత్తరం చదివేవాళ్ళలో అలాంటి ఇళ్ళవాళ్ళు ఉంటే, దయచేసి అమ్మకండి. ఎవరి హక్కుకీ భంగం రాదు, భయపడక్కర్లేదు.

చీరాల సంగతి కూడా ఒకమాట. చీరాల, పేరాల అప్పుడు గుంటూరు జిల్లాలోవే. రెండు ఊళ్ళనీ కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నో రెట్లు పెంచితే, మాకు ఈ మునిసిపాలిటీ వద్దని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఇళ్ళు వదిలి పొలిమేర బయట రామనగరం అని కొత్త ఊరు వేసుకున్నారు. పాకల్లో, ఎండకి వానకి ఓర్చి ఇంచుమించు 11 నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య గారి వాలంటీర్ల దళం రామదండు కాపలా కాసింది. ఊరంటే ప్రభుత్వం గీసిన గీత కాదని, కలిసి ఉండాలనుకున్న మనుషులని వాళ్ళు చూపించారు. రామనగరం ఏ సర్వే నంబర్లలో వెలిసిందో, ఏ వీధి ఎటు ఉందో మ్యాపు మీద గీసి చీరాల పిల్లలకి చూపించాలని నాకు ఎంతో కోరిక. ఆనాటి సర్వే మ్యాపుకీ నేలకీ పొంతన కుదిర్చి, తాతల దగ్గర విన్న గుర్తులు కలిపితే ఇప్పటికీ సాధ్యమే. ఇంకో పదేళ్ళు ఆగితే చెప్పేవాళ్ళు ఉండరు.

తుళ్ళూరు వైపు ఊళ్ళ గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. రాజధాని కోసం 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగినప్పుడు రాష్ట్రంలోని ఊరూరి నుంచి మట్టి, నీళ్ళు తెచ్చారు. జరీబు (నది పక్క సారవంతమైన) భూములు, మెట్ట భూములు, గట్లు, డొంకలు, దొరువులు (నీటి గుంటలు) అన్నీ కలిసి ప్లాట్లయ్యాయి. గట్టు తీసేసిన చోట నేలమీద ఏ గుర్తూ మిగలదు. ఆ గట్లన్నీ పాత ఎఫ్.ఎం.బి.లో లింకులతో సహా ఉన్నాయి. 66 అడుగుల గొలుసు, అందులో వంద లింకులు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఆ లెక్కతో ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అడుగు తేడా లేకుండా మళ్ళీ గీయొచ్చు. కొత్త నగరంలో ఏ రోడ్డు ఏ డొంక మీద వచ్చింది, ఏ పార్కు ఏ కుంట మీద ఉంది అని ఒక్క మ్యాపు తయారు చేసి, ప్రతి వీధి మొదట్లో ఆ చేను పాత పేరు రాసిన బోర్డు పెట్టొచ్చు. భూమి ఇచ్చినవాళ్ళ మనవలు ఆ బోర్డు చదువుకుంటారు. పెద్ద ఖర్చు కాదు. పులిచింతల ముంపులో లేచిపోయి పునరావాస కాలనీలకి వచ్చిన ఊళ్ళకీ, అంతకుముందు నాగార్జునసాగర్ నీళ్ళ కింద పోయిన ఊళ్ళకీ ఇదే చేయాలి. వాళ్ళ కాలనీల్లో పాత ఊరి మ్యాపు ఒక్కటి గోడకి ఉంటే చాలు, వచ్చినవాళ్ళకి తమ ఇల్లు ఎక్కడుండేదో చూపించుకుంటారు.

ఇవన్నీ ఎవరు చేస్తారంటే, పనికి కావలసిన మనుషులు ఉన్నారు. సచివాలయాల్లో గ్రామ సర్వేయర్లు ఉన్నారు. సెల్‌ఫోన్ కెమెరా ప్రతి చేతిలో ఉంది. నాగార్జున యూనివర్సిటీలో చరిత్ర చదివే పిల్లలున్నారు, వాళ్ళకి ప్రాజెక్టులు కావాలి. ఒక్కో విద్యార్థికి ఒక్కో ఊరు ఇవ్వండి. కైఫియత్తు పేజీ, ఇనాం రిజిస్టర్, పాత గ్రామ మ్యాపు, గుడి దగ్గర శాసనం ఉంటే దాని ఫొటో, ఊరి పెద్దల మాటల రికార్డింగు, అన్నీ ఒక ఫైలు. పెద్దలంటే పెద్ద రైతులే కాదు, దళితవాడలో, ఎరుకల వాడలో, చేనేత వీధిలో ఉన్న పెద్దలు కూడా. అన్నిటికన్నా ముందు, రీసర్వే అయిన ఊళ్ళలో పాత పుస్తకాలు బయట పడేయకూడదని కలెక్టర్లు ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఇది రేపు చేయగలిగిన పని. వానాకాలం వస్తోంది.

మీ పత్రికని కూడా ఒకటి అడుగుతున్నాను. జిల్లా పేజీలో వారానికి ఒకసారి ఒక ఊరి కైఫియత్తు వేయండి. అమరావతితో మొదలుపెట్టండి. తర్వాత పెద్ద ఊళ్ళనే కాకుండా ఎవరికీ తెలియని చిన్న ఊళ్ళని తీసుకోండి. వేసేటప్పుడు రాజుల పేర్లు ఉంచి కుచ్చెళ్ళ లెక్కలు, ఇనాముల జాబితా కోసెయ్యకండి. చదివేవాడు తన ఇంటివాళ్ళని వెతుక్కునేది అక్కడే. ఆ పార్శీ లెక్కల మాటలు, పాత అంకెలు, లింకుల కొలతలు మీ విలేకరులకి అర్థం కాకపోతే నేను వచ్చి కూర్చుని చదివి పెడతాను. నాతోపాటు పనిచేసి రిటైరైనవాళ్ళు మంగళగిరిలో, తెనాలిలో, నరసరావుపేటలో ఇంకా ఉన్నారు. వాళ్ళనీ తీసుకొస్తాను. దీనికి డబ్బు ఏమీ అక్కర్లేదు, కూర్చోవడానికి ఒక టేబులు, మంచి వెలుతురు ఇస్తే చాలు.

ఇట్లు
ఒక రిటైర్డ్ సర్వేయరు,
గుంటూరు